తొలి కొండ రోజు: టూర్ డి ఫ్రాన్స్‌లో ఏం తేలుతుంది, ఏం తేలదు

మూడు వారాల సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో మొదటి కొండ స్టేజ్ (స్టేజ్ అంటే ఒక రోజు పోటీ) ముందు రాత్రి మొత్తం సమయాల పట్టిక చూస్తే పెద్దగా ఏమీ అర్థం కాదు. గెలుస్తారనుకునే నలుగురైదుగురి మధ్య తేడా చాలాసార్లు నిమిషం లోపే ఉంటుంది. మైదానపు రోడ్ల మీద నూట యాభై మంది ఒకే గుంపుగా గీత దాటుతారు, గుంపుకంతా ఒకే సమయం రాస్తారు. ఆ గుంపులో గాలి చాటున కూర్చున్నవాడి కాళ్లలో ఎంత సత్తువ ఉందో పక్కవాడికి కూడా తెలియదు. ఎక్కుడు మొదలయ్యాక ఆ చాటు దొరకదు.

అందుకే ఆ రోజు మీద అంత ఆశ. ఈసారి విజేత ఎవరో ఇవాళ తేలిపోతుందని చూసేవాళ్లు కూర్చుంటారు. నిజానికి తేలేది దానికి తిరగేసిన లెక్క: ఈసారి ఎవరు గెలవలేరో తెలుస్తుంది. 2015లో తొలి కొండ స్టేజ్ పదో రోజున, విశ్రాంతి దినం మర్నాడు, లా పియర్ సాన్ మార్తాన్ మీదికి వచ్చింది. క్రిస్ ఫ్రూమ్ గెలిచాడు. అంతకు ముందేడు విజేత విన్చెంజో నీబాలి 4 నిమిషాల 25 సెకన్లు వెనకబడ్డాడు. నీబాలి కథ ఆ సాయంత్రంతోనే ముగిసింది. పందెం ముగిసే పారిస్‌లో గెలిచింది కూడా ఫ్రూమే కాబట్టి ఆ ఏడు రెండు లెక్కలూ సరిపోయాయి. 2022లో అలా కాలేదు. ఏడో రోజున లా ప్లాన్ష్ దె బెల్ ఫీయ్ మీద తాదెయ్ పొగాచర్, యోనాస్ వింగెగార్డ్ ఒకే సమయంలో గీత దాటారు, స్టేజ్ పొగాచర్‌ది. అక్కడికి అయిదు రోజుల తర్వాత గ్రనోన్ కనుమ మీద అదే పొగాచర్ 2 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు, ఆ ఏటి టూర్ వింగెగార్డ్ గెలిచాడు. ప్లాన్ష్ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు, అంతే.

తొలి కొండ రోజు ఎంత నిజం చెబుతుందో ముందే చాలావరకు అంచనా కట్టవచ్చు. అందుకు వాలు ఎంత, ఆ ఎక్కుడు స్టేజ్‌లో ఎక్కడ ఉంది, ముందురోజు ఏం జరిగింది, ఎవరి జట్టులో ఎంతమంది మిగిలారు అన్నవి చూడాలి.

ఎత్తుల బొమ్మలో కనిపించనిది

నిర్వాహకులు ప్రతి స్టేజ్‌కీ ప్రొఫైల్ విడుదల చేస్తారు. అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు. బొమ్మలో నిలువు కొలతను బాగా సాగదీస్తారు కాబట్టి ప్రతి కొండా గోడలాగే కనిపిస్తుంది. బొమ్మను పక్కన పెట్టి అంకెలు చూడటం మంచిది, ఆ అంకెల్లోనూ సగటు వాలును వెంటనే నమ్మకూడదు.

వాలు 8 శాతం అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఎనిమిది మీటర్లు పైకి. గాలిబియే కనుమను బ్రియాన్‌సోన్ వైపు నుంచి ఎక్కితే 23 కిలోమీటర్లు, సగటు 5.1 శాతం. చూడ్డానికి సాధువైన కొండ. కానీ మొదటి పదిహేను కిలోమీటర్ల లోతారె రోడ్డు మెత్తగా సాగి సగటును కిందికి లాగుతుంది. లోతారె నుంచి 2,642 మీటర్ల శిఖరం దాకా చివరి ఎనిమిదిన్నర కిలోమీటర్లు దాదాపు 7 శాతం, అదీ రెండు వేల మీటర్లకు పైన. 2024లో నాలుగో రోజునే టూర్ ఈ కనుమను పెట్టింది. మొదటి పదిహేను కిలోమీటర్లలో ఏమీ జరగలేదు, జరగాల్సిందంతా చివర్లోనే జరిగింది. మారీ బ్లాంక్ కనుమ దీనికి తమ్ముడు: మొదటి భాగం నిద్రపుచ్చుతుంది, చివరి నాలుగు కిలోమీటర్లు 10 శాతానికి పైనే. దాడి చేసేవాడు ఆ నాలుగింటి కోసమే కాచుకుని ఉంటాడు.

కష్టాన్ని బట్టి కొండలకు ఇచ్చే శ్రేణులను కూడా అలాగే చదవాలి. నాలుగో శ్రేణి నుంచి ఒకటో శ్రేణి దాకా, ఆపైన ‘శ్రేణికి అతీతం’ అనే తరగతి. ఈ చివరి తరగతి శిఖరం మీద మొదట చేరినవాడికి, కొండల్లో మేటికి ఇచ్చే చుక్కల జెర్సీ పోటీలో 20 పాయింట్లు, ఒకటో శ్రేణికి 10, రెండుకు 5, మూడుకు 2, నాలుగుకు 1. పాయింట్ల కోసం పరుగెత్తేవాళ్లకు ఈ తరగతి ముఖ్యం. మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ కోసం చూసేవాళ్లకు ఆ కొండ దగ్గర నుంచి ముగింపు ఎంత దూరమన్నదే ముఖ్యం. స్టేజ్ మధ్యలో ఉన్న మహా కనుమ వల్ల కాళ్లు అలుస్తాయి తప్ప తేడాలు రావు. శిఖరం మీదే ముగింపు ఉంటే తేడాలు వస్తాయి. శిఖరం దాటాక దిగుడు, ఆ తర్వాత లోయలో చదును రోడ్డు ఉంటే మాత్రం పైన సంపాదించిన ఇరవై సెకన్లు కింద కరిగిపోవచ్చు.

2018 దీనికి చక్కటి జోడీ ఇచ్చింది. పదో రోజు తొలి ఆల్ప్స్ స్టేజ్, కొలొంబియేర్ దిగి లె గ్రాన్ బోర్నాన్‌లో ముగింపు. జూలియన్ అలఫిలిప్ ముందుగా విడిపోయిన బృందం నుంచి గెలిచాడు, పసుపు జెర్సీలో ఉన్న గ్రెగ్ వాన్ ఆవెర్‌మాట్ కూడా ఆ బృందంలోనే ఉండి తన ఆధిక్యం పెంచుకున్నాడు. ఆయన కొండలవాడు కాడు. టైటిల్ ఆశావహులు ఒకరినొకరు చూసుకుంటూ గడిపేశారు. మర్నాడు 108.5 కిలోమీటర్ల చిన్న స్టేజ్, లా రోజియేర్ శిఖరం మీద ముగింపు. గెరెయింట్ థామస్ గెలిచి పసుపు జెర్సీ వేసుకున్నాడు, పారిస్ దాకా విప్పలేదు. అంటే ఆ ఏడు లెక్కకు తొలి కొండ రోజు పదోదే అయినా అసలు పరీక్ష పదకొండో రోజున జరిగింది. క్యాలెండర్‌లో మొదట వచ్చింది కదా అని దాన్నే నమ్ముకుంటే మోసపోతాం.

గాలి చాటు ఎక్కడ చెల్లుతుంది

కొండ మీద జరిగే ప్రతి నిర్ణయం వెనకా ఒక చిన్న భౌతికశాస్త్రపు లెక్క ఉంది. అది తెలిస్తే ఎవరు ఎక్కడ దాడి చేస్తారో సగం తెలిసినట్టే.

64 కిలోల రైడర్ అనుకుందాం. సైకిల్, బట్టలు, బూట్లు, నీళ్లు కలిపి మొత్తం 73 కిలోలు. 8 శాతం వాలు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే బరువును పైకి మోయడానికే దాదాపు 317 వాట్లు కావాలి. టైర్ల ఒరిపిడికి 16, గాలిని చీల్చడానికి ఓ 30, చైన్‌లో పోయేది కొంత, అన్నీ కలిపి 370 దగ్గర. రైడర్ బరువుతో భాగిస్తే కిలోకు 5.8 వాట్లు. ముందు నడిచే సహచరుడి వెనక చేరితే ఆ ముప్పై వాట్లలో మూడో వంతు ఆదా అవుతుంది, అంటే మొత్తంలో మూడు శాతం కూడా కాదు. ఇక్కడ బలవంతుడు విడిపోతే వెనకున్న గుంపు ఎంత పెద్దదైనా వాళ్లకు లాభం దాదాపు శూన్యం.

అదే రైడర్‌ను 5 శాతం వాలు మీద 26 కిలోమీటర్ల వేగంతో పంపితే గాలి వాటా 65 వాట్ల దాకా పెరుగుతుంది. వెనక కూర్చున్నవాడికి మిగిలేది ఇరవై వాట్లకు పైనే, ఆరు శాతం. అగ్రశ్రేణి రైడర్ల మధ్య ఉండే అసలు తేడాయే రెండు మూడు శాతం కాబట్టి, ఆ ఆరు శాతం బలహీనుణ్ని కాపాడేస్తుంది. ఇక చదును రోడ్డు మీద 45 కిలోమీటర్ల వేగంలో ఖర్చులో పదింట తొమ్మిది వంతులు గాలికే పోతాయి, అందుకే మైదానంలో ఎవరూ ఎవరినీ వదిలించుకోలేరు.

2020 తొలి శిఖర ముగింపు ఓర్సియేర్ మెర్లెట్ దీనికి అచ్చమైన ఉదాహరణ. నాలుగో రోజు, 7.1 కిలోమీటర్లు, 6.7 శాతం. రోడ్డు వెడల్పు, వాలు నిలకడ. ఆశావహులంతా గుంపుగానే పైకి వచ్చి చివరి కొన్ని వందల మీటర్లలో స్ప్రింట్ చేశారు. ప్రిమోజ్ రోగ్లిచ్ మొదట, పొగాచర్ రెండో స్థానం, సమయంలో తేడా లేదు. దానికి ఎదురుగా 2025లో పన్నెండో రోజున ఓతకామ్: 13.5 కిలోమీటర్లు, 7.8 శాతం. ముందురోజు తులూజ్ చేరే దారిలో కింద పడిన పొగాచర్, ఎక్కుడు మొదట్లోనే విడిపోయి వింగెగార్డ్‌కంటే 2 నిమిషాల 10 సెకన్ల ముందు గెలిచాడు. ఈ రెండు ముగింపులను వేరుచేసింది రైడర్ల గుండెధైర్యం కాదు, వాలు, దాని పొడవు. ఓ మోస్తరు సూత్రం కావాలంటే, 7 శాతానికి లోపు వాలు, ఎనిమిది కిలోమీటర్లకు లోపు పొడవు ఉంటే పెద్ద తేడాలు ఆశించకండి. 8 శాతం దాటి, అరగంటకు పైగా పట్టే ఎక్కుడైతే నిమిషాలు కదులుతాయి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. రెండు వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 78 శాతమే. కండరాలకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, కింద 370 వాట్లు నిలబెట్టినవాడు పైన నిలబెట్టలేడు. గాలి పలచబడటం వల్ల చీల్చడానికి అయ్యే ఖర్చూ తగ్గుతుంది కానీ, ఎక్కుడులో ఆ ఖర్చే తక్కువ కదా, లాభం అంతంతమాత్రం. అందరి శరీరం ఒకేలా స్పందించకపోవడం వల్ల, 1,500 మీటర్ల లోపు శిఖరం మీద సమవుజ్జీలుగా కనిపించిన ఇద్దరు 2,400 మీద వేరుపడొచ్చు. ప్లాన్ష్, గ్రనోన్‌ల మధ్య ఉన్న తేడాల్లో ఇదొకటి. గ్రనోన్ శిఖరం 2,413 మీటర్లు, ఎక్కుడు 11.3 కిలోమీటర్లు, 9.2 శాతం. పైగా ఆ రోజు వింగెగార్డ్ జట్టు గాలిబియే మీదే వంతులవారీగా దాడులు చేసి పొగాచర్‌ను ఒంటరిని చేసింది.

బ్రేక్‌కు ఎంత అప్పు ఇవ్వాలి

స్టేజ్ మొదట్లో విడిపోయి ముందుకెళ్లే బృందాన్ని బ్రేక్ అంటారు. వాళ్లు గెలుస్తారా, వెనక గుంపు పట్టుకుంటుందా అన్నది ముందే లెక్కగట్టే ప్రయత్నం అందరూ చేస్తారు. చదును రోడ్లకు పాత సూత్రం ఒకటుంది, మాజీ రైడర్, వ్యాఖ్యాత రొబేర్ షపాత్ పేరు మీద చెలామణిలో ఉంది: పది కిలోమీటర్లకు ఒక నిమిషం. ముప్పై కిలోమీటర్లు మిగిలుండగా మూడు నిమిషాల ఆధిక్యం లేకపోతే బ్రేక్ పని అయిపోయినట్టే.

కొండ మీద ఈ సూత్రం పనికిరాదు. 13.5 కిలోమీటర్ల ఎక్కుడును అగ్రశ్రేణి వాళ్లు 22 కిలోమీటర్ల వేగంతో, అప్పటికే అలసిన బ్రేక్ రైడర్ 18.5తో ఎక్కుతారనుకోండి. వాళ్లకు 36.8 నిమిషాలు, ఇతనికి 43.8. అంటే కొండ మొదట్లో బ్రేక్‌కు ఏడు నిమిషాలు చేతిలో ఉండాలి. చూసేటప్పుడు ‘ఇంకా అయిదు నిమిషాల ఆధిక్యం ఉంది’ అన్న మాట విని నిశ్చింతగా ఉండకండి, కొండ పొడవుతో సరిచూసుకోండి.

ఆ ఏడు నిమిషాలు ఇవ్వాలా వద్దా అన్నది కాళ్ల కంటే రాజకీయం మీద ఆధారపడుతుంది. తొలివారంలోనే పసుపు జెర్సీ వేసుకుంటే రోజూ వేదిక, విలేకరులు, డోపింగ్ పరీక్ష పూర్తయ్యేసరికి హోటల్‌కు చేరడం గంటో గంటన్నరో ఆలస్యం. పైగా గుంపును అదుపు చేసే బాధ్యత అతని జట్టు నెత్తిన పడుతుంది. అందుకే బలమైన జట్లు ఆ జెర్సీని ఎవరికైనా అప్పగించడానికి తెగ ఉదారంగా ఉంటాయి. 2019లో ప్లాన్ష్ మీద బ్రేక్‌లోని డిలన్ తున్స్ గెలిచాడు, అదే బ్రేక్‌లోని జూలియో చిక్కోనే పసుపు జెర్సీ అందుకున్నాడు. 2025లో ఓతకామ్‌కు రెండు స్టేజ్‌ల ముందు బెన్ హీలీ కూడా అలాగే జెర్సీలోకి వచ్చాడు. మరోవైపు ముగింపులో మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్ల బోనస్ (మొత్తం సమయంలోంచి తగ్గించేది) ఉంటుంది, స్ప్రింట్ ఉన్న ఆశావహుడికి అది నోరూరించే విషయం. అతని జట్టు ఉదయం నుంచే బ్రేక్‌ను మూడు నాలుగు నిమిషాలు దాటనివ్వకపోతే ఉద్దేశం తేటతెల్లం.

బ్రేక్‌లో ఎవరున్నారో పేర్లు కూడా చూడండి. ఆశావహుడి సహచరుడు అందులో ఉంటే స్టేజ్ గెలవడానికి కాకపోవచ్చు. కొండ నడుమ ఆగి, దాడి చేసి వచ్చిన తన నాయకుణ్ని అందుకుని లోయ దాటించడానికి. ముందే పంపి ఉంచిన కావలి మనిషి అన్నమాట.

ముందురోజు బాకీ

తొలి కొండ స్టేజ్‌ను ఒంటరిగా చదవకూడదు. 2021లో ఏడో రోజు 249.1 కిలోమీటర్లు, రెండు దశాబ్దాల్లో అంత పొడవైన స్టేజ్ లేదు, పైగా ఆసాంతం వేగంగా సాగింది. మర్నాడు వాన, చలి, లె గ్రాన్ బోర్నాన్ దారిలో తొలి పెద్ద కొండలు. మొదటివారంలో కిందపడి దెబ్బలు తిన్న రోగ్లిచ్, థామస్ ఆరంభంలోనే జారిపోయారు. పొగాచర్ ముప్పై కిలోమీటర్లు ఉండగా రోమ్ కనుమ మీద దాడి చేసి, మిగిలిన ఆశావహులందరి మీదా మూడు నిమిషాలకు పైగా సంపాదించాడు. స్టేజ్ గెలిచింది బ్రేక్‌లోని తున్స్. టూర్ మాత్రం ఆ సాయంత్రమే సగం ముగిసింది.

విశ్రాంతి దినం మర్నాడు వచ్చే కొండ ఇంకో రకం ప్రమాదం. వారం పాటు రోజుకు అయిదు గంటలు తొక్కిన శరీరం ఒక్కరోజు ఆగితే నీరు పట్టి, కాళ్లు బిగుసుకుపోయినట్టు అనిపిస్తాయి. అందుకే విశ్రాంతి రోజున కూడా గంటన్నర, రెండు గంటలు తొక్కుతారు, మధ్యలో నాలుగైదు నిమిషాలు గట్టిగా లాగుతారు. తిండి తగ్గించరు, మరీ పెంచరు. ఇంత చేసినా ప్రతి ఏడూ ఎవరో ఒకరు తొలి కనుమ మీదే వాడిపోతారు.

కొండ మొదట్లో యుద్ధం

టీవీలో చాలామంది ఎక్కుడు మొదలయ్యాక కళ్లప్పగిస్తారు. దానికి ముందు పది కిలోమీటర్లే ఎక్కువ చెబుతాయి. కనుమ రోడ్డు సన్నబడే మలుపు దగ్గరకు ముందుగా చేరాలని జట్లన్నీ స్ప్రింట్ ముగింపులాగే గంటకు అరవై వేగంతో తోసుకుంటాయి. ఎందుకో లెక్క వేద్దాం. గుంపు ఒంటి వరసగా సాగితే మనిషికి రెండు మీటర్లు, యాభయ్యో స్థానంలో ఉన్నవాడు ముందువాడికి వంద మీటర్ల వెనక. ఎక్కుడు వేగం 20 అయితే ఆ వంద మీటర్లు 18 సెకన్లు. పైగా మధ్యలో ఒకడు అలిసి ఖాళీ వదిలితే, ఆ ఖాళీని సొంత కాళ్లతో పూడ్చుకోవాలి. ఆ తోపులాటలోనే పడిపోవడాలూ ఎక్కువ. చివరి మూడు కిలోమీటర్లలో పడితే సమయం పోకుండా కాపాడే నిబంధన శిఖర ముగింపులకు వర్తించదు.

ఆ తర్వాత జట్టును కొవ్వొత్తుల్లా ఒకరి తర్వాత ఒకరిని వెలిగించి ఆర్పేస్తారు. ఒక్కో జట్టులో ఎనిమిది మంది. ఇద్దరు బరువైన, బలమైన మైదానపు మనుషులు కొండ మొదలు దాకా గాలి మోసి తప్పుకుంటారు. ఇంకో ఇద్దరు మొదటి కనుమల మీద వేగం పెడతారు. చివరి కొండ మీద మిగిలేది ఇద్దరు ముగ్గురు అసలు కొండ రైడర్లు, ఒక్కొక్కరికీ అయిదు నుంచి పది నిమిషాల పని. ఆ వేగం ఉద్దేశం ప్రత్యర్థులను వదిలించుకోవడం మాత్రమే కాదు. కిలోకు ఆరు వాట్ల దగ్గర నడుస్తున్న వరసలోంచి దాడి చేయాలంటే అంతకు మించి లాగాలి, చాలామందికి ఆ మించేది ఉండదు. అంటే వరస దాడులను పుట్టకముందే చంపుతుంది.

చివరి కొండకు పది కిలోమీటర్ల ముందు ఒక ఆశావహుడి పక్కన సహచరులెవరూ లేకపోతే గుర్తుపెట్టుకోండి. ఆ రోజు అతను బతికిపోవచ్చు, తర్వాతి రోజు అదే బలహీనత మీద దాడి జరుగుతుంది. 2013లో ఎనిమిదో రోజు ఆక్స్ త్రువా దొమేన్ మీద ఫ్రూమ్ గెలిచాడు, సహచరుడు రిచీ పోర్ట్ రెండో స్థానం. జట్టు ఉక్కుగోడలా కనిపించింది. మర్నాడే ఆ గోడ తొలి కనుమల దగ్గర కూలింది, ఫ్రూమ్ రోజంతా ఒంటరిగా ప్రత్యర్థుల మధ్య తొక్కాల్సి వచ్చింది. పసుపు జెర్సీ నిలిచింది, ఊపిరి బిగబట్టుకుని.

కడుపు లెక్క

అయిదు గంటల కొండ స్టేజ్‌లో సగటున 250 వాట్లు అంటే 4,500 కిలోజౌళ్ల పని. శరీరం తిన్న శక్తిలో నాలుగో వంతుకు కాస్త తక్కువే పెడల్‌కు చేరుస్తుంది, కిలోకేలరీకి 4.18 కిలోజౌళ్లు. ఈ రెండూ దాదాపు సరిపోయి ఖర్చు కూడా 4,500 కిలోకేలరీల దగ్గరే తేలుతుంది. కండరాల్లో, కాలేయంలో నిలవుండే పిండిపదార్థం 500 గ్రాములు అనుకుంటే 2,000 కిలోకేలరీలు. కొవ్వు కొంత భర్తీ చేస్తుంది, కానీ గట్టిగా లాగేటప్పుడు అది వేగంగా అందదు. మిగతాది దారిలో తినాల్సిందే.

ఇప్పటి అలవాటు గంటకు 90 నుంచి 120 గ్రాముల కార్బోహైడ్రేట్. ఒక్క గ్లూకోజే అయితే పేగు గంటకు 60 గ్రాములకు మించి పీల్చుకోలేదు, మిగిలింది కడుపులో నిలిచి వికారం పుట్టిస్తుంది. ఫ్రక్టోజ్ వేరే దారిలో లోపలికి వెళ్తుంది కాబట్టి రెండూ కలిపి ఇస్తారు, 1 కి 0.8 నిష్పత్తిలో. దీనికి పేగును నెలల తరబడి శిక్షణలోనే అలవాటు చేయాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చలిలో, దిగుడులో. చేతులు మొద్దుబారి జెల్ పొట్లం చింపలేరు, హ్యాండిల్ వదలడానికి భయపడతారు, అలా నలభై నిమిషాలు ఏమీ తినకుండా గడిచిపోతాయి. ఆ బాకీ తర్వాతి కొండ మీద వసూలవుతుంది. 2013లోనే ఆల్ప్ దువేజ్ మీద పసుపు జెర్సీలోని ఫ్రూమ్‌కు చక్కెర పడిపోయింది. తినుబండారాలు అందుకోకూడని హద్దు దాటాక పోర్ట్ కారు దగ్గరికి వెళ్లి జెల్ తెచ్చిచ్చాడు. ఇద్దరికీ 20 సెకన్ల శిక్ష పడింది. తినకపోతే పోయే సమయంతో పోలిస్తే అది చవక బేరమే.

బండి, దిగుడు

సైకిల్ గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. నిబంధన ప్రకారం 6.8 కిలోల కంటే తేలిక కాకూడదు. పై లెక్క ప్రకారం నలభై నిమిషాల ఎక్కుడులో ఒక కిలో అదనపు బరువు విలువ పాతిక ముప్పై సెకన్లు, అందుకే కొండ మొదట్లో నిండు బాటిళ్లు వదిలించుకుంటారు, అదీ చెత్తకు కేటాయించిన చోట్లలోనే. గేర్లలో మాత్రం గత పదిహేనేళ్లలో ఆలోచన మారింది. ముందు చిన్న చైన్‌రింగ్ 40 పళ్లు, వెనక పెద్ద పళ్లచక్రం 34 ఉంటే నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పుతూ గంటకు 12 కిలోమీటర్లకు దిగవచ్చు. వెనక 30 మాత్రమే ఉంటే అదే తిప్పుడుకు 13.5 కావాలి. 12 శాతం గోడ ఎదురైనప్పుడు ఈ తేడా మోకాళ్లకు తెలుస్తుంది.

దిగుడును తేలిగ్గా తీసుకోకూడదు. 2016లో పిరనీస్‌లో ఎనిమిదో రోజున అందరూ ఫ్రూమ్ ఎక్కుడులో దాడి చేస్తాడని కాచుకున్నారు. పెయిరసూర్డ్ శిఖరం మీద ఒక్క క్షణం ఏమరుపాటు చూసి దిగుడులో దూకాడు, ఫ్రేమ్ పైకడ్డీ మీద కూర్చుని ఛాతీ హ్యాండిల్‌కు ఆనించి పెడల్ తొక్కుతూ. 13 సెకన్లు, బోనస్, పసుపు జెర్సీ. అలా కడ్డీ మీద కూర్చోవడాన్ని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021లో నిషేధించింది. 2024లో గాలిబియే మీద పొగాచర్ కిలోమీటరు లోపు ఉండగా విడిపోయాడు. శిఖరం మీద పది సెకన్ల తేడానే, వాల్వార్ ఊరికి దిగేసరికి వింగెగార్డ్‌తో తేడా 37 సెకన్లు.  చెమటతో తడిసి శిఖరం దాటి, గంటకు ఎనభై వేగంతో చల్లగాలిలో దిగేటప్పుడు పైన ఒక పలచటి జాకెట్ వేసుకోవడం మరిస్తే, వణుకుతున్న చేతులతో బ్రేకు సరిగా పట్టలేరు. ఆ జాకెట్ వేసుకునే ఇరవై సెకన్లలోనే దాడులు జరుగుతాయి కూడా.

పీత కష్టాలు పీతవి

ముందు జరిగే పోటీకి అరగంట వెనక ఇంకో పోటీ నడుస్తుంటుంది. ఎనభై కిలోల స్ప్రింటర్లు, పని ముగించిన సహాయకులు, గాయపడినవాళ్లు కలిసి కట్టే గుంపును గ్రుపెట్టో అంటారు. వాళ్ల శత్రువు గడియారం. విజేత సమయానికి కొంత శాతం కలిపి గడువు నిర్ణయిస్తారు, ఆ శాతం స్టేజ్ కష్టాన్ని బట్టి, విజేత సగటు వేగాన్ని బట్టి మారుతుంది. విజేతకు అయిదు గంటలు పట్టి గడువు 12 శాతం అయితే 36 నిమిషాలు. ఎక్కుడులో నిలకడగా, ఎవరూ ఊపిరాడక పడిపోని వేగంతో తొక్కి, దిగుడులో, లోయలో గుంపు బలంతో తిరిగి సంపాదించుకుంటారు. అనుభవజ్ఞుడైన ఒకరు నోటి లెక్కతో వేగం నడుపుతాడు.

గుంపు పెద్దదైతే ధైర్యం. నిర్ణేతలు ఎనభై మందిని ఒకేసారి ఇంటికి పంపడానికి జంకుతారు. 2011లో గాలిబియే మీద ముగిసిన స్టేజ్‌లో 88 మంది గడువు దాటినా పోటీలోనే ఉంచారు, స్ప్రింటర్లు పోటీపడే ఆకుపచ్చ జెర్సీ పాయింట్లలో మాత్రం కోత పడింది. చిన్న స్టేజ్ అయితే దయ ఉండదు. దూరం తక్కువ, విజేత సమయం తక్కువ, గడువూ చిన్నది, కోలుకునే లోయలూ ఉండవు. 2018లో ఆ 108.5 కిలోమీటర్ల లా రోజియేర్ రోజున మార్క్ కావెండిష్, మార్సెల్ కిట్టెల్ ఇద్దరూ గడువు దాటి ఇంటిదారి పట్టారు. 2024లో అదే కావెండిష్ నాలుగో రోజు గాలిబియే దాటి గడువులోపల బయటపడ్డాడు. మర్నాడు సాన్ వుల్బాస్‌లో 35వ స్టేజ్ గెలిచి టూర్‌లో అత్యధిక స్టేజ్ విజయాల రికార్డు సొంతం చేసుకున్నాడు.

మర్నాటి పట్టిక

టూర్ కొండలెక్కడం మొదలుపెట్టి నూరేళ్లు దాటింది. 1905లో బలోన్ దాల్సాస్, 1910లో పిరనీస్. ఆ ఏడు తూర్మలె కనుమను మొదట దాటిన ఆక్టేవ్ లాపీజ్ ఒబిస్క్ దగ్గర నిర్వాహకులను హంతకులని తిట్టాడు, టూర్ కూడా అతనే గెలిచాడు. అప్పట్లో తేడాలు గంటల్లో ఉండేవి. ఇప్పుడు సెకన్లలో ఉంటాయి కాబట్టి ఒక్కరోజు ఫలితాన్ని పెద్దది చేసి చూడటం సులువు.

ఎక్కిన వేగాన్ని గంటకు నిలువు మీటర్లలో కొలిచి ఆ సాయంత్రమే పాత రికార్డులతో పోల్చే లెక్కలు వస్తాయి. 8 శాతం మీద గంటకు 20 అంటే 1,600 నిలువు మీటర్లు. ఎదురుగాలి, వేడి, అంతకు ముందు దాటిన కనుమలు, కొండ మొదట్లో వేగం, ఇవేవీ ఆ ఒక్క అంకెలో ఉండవు. దానికంటే మర్నాటి స్టేజ్‌లో అదే ఇద్దరి తేడా ఎటు కదిలిందో చూడండి.

2023లో అయిదో రోజున మారీ బ్లాంక్ మీద వింగెగార్డ్ విడిపోయాడు. లారూన్‌లో స్టేజ్, పసుపు జెర్సీ జై హిండ్లీకి దక్కాయి, వింగెగార్డ్ పొగాచర్ కంటే పట్టికలో 53 సెకన్లు ముందుకెళ్లాడు. పొగాచర్ పని అయిపోయిందన్నారు. ఇరవై నాలుగు గంటల్లో కోత్రే దగ్గర శిఖరం మీద పొగాచర్ గెలిచి 28 సెకన్లు వెనక్కి లాక్కున్నాడు. పదిహేనో రోజుకు తేడా 10 సెకన్లు. ఈసారి పొగాచర్ గెలుస్తాడన్నారు. పదహారో రోజు, ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో 1 నిమిషం 38 సెకన్లు, పదిహేడో రోజు లోజ్ కనుమ మీద 5 నిమిషాల 45 సెకన్లు పొగాచర్‌కు పోయాయి. పారిస్‌లో వింగెగార్డ్ ఆధిక్యం 7 నిమిషాల 29 సెకన్లు.